చదువు మానిన తేదీ, తిరిగి కట్టవలసిన సొమ్ము

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమని అడిగినప్పుడు కార్యదర్శిగారు, "భాయీ, మీరు ఇన్నేళ్లు కాలేజీ ఆఫీసులో పనిచేశారు గదా, పిల్లల చదువుల గురించి నాలుగు మంచి మాటలు చెప్పండి" అన్నారు. మంచి మాటలు చెప్పగల పెద్దలు మనలో చాలామంది వున్నారు. నేను ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో గుమాస్తాగా కూర్చున్నవాణ్ణి. నాకు తెలిసింది లెక్క. అంచేత ఈ పూట లెక్కే చెబుతాను. కాలేజీలో చేరిన పిల్లవాడు మధ్యలో మానేస్తే, ప్రభుత్వం ఇచ్చిన సొమ్ములో ఎంత వాడిది, ఎంత వాడిది కాదు, ఆ వాడిది కానిది ఎవరు ఎవరికి తిరిగి కట్టాలి అన్నదే ఆ లెక్క. వినడానికి పొడిగా వుంటుంది. కానీ ఈ లెక్క తెలియక మా ఇంట్లోనే ఒక పిల్లవాడికి మూడేళ్లు పోయాయి. ఆ సంగతి కూడా దాచకుండా చెబుతాను.

గుంటూరు, నెల్లూరు, కర్నూలు, కడప ప్రాంతాల నుంచి అమెరికా వచ్చి స్థిరపడిన కుటుంబాలవాళ్లం మనం. మనలో యాభై దాటినవాళ్లకు స్కాలర్‌షిప్ అంటే ఒక జ్ఞాపకం వుంది. వేసవిలో దరఖాస్తు, ఆదాయం సర్టిఫికెట్టు కోసం తాలూకా ఆఫీసు చుట్టూ తిరుగుళ్లు, నోటీసుబోర్డు మీద పేరు వచ్చిందా లేదా అని రోజూ చూసుకోవడం. డబ్బు చేతికొచ్చేసరికి పరీక్షలు కూడా అయిపోయేవి. ఆలస్యమయ్యేది గాని, అందులో ఒక నిశ్చింత వుండేది. చదివేసిన చదువుకు వచ్చిన డబ్బు అది. వచ్చిందంటే మనదే.

ఇక్కడ పద్ధతి తిరగబడి వుంది. సెమిస్టర్ మొదట్లోనే సొమ్ము పడుతుంది. ఫీజు పోను మిగిలింది "రీఫండ్" అని పిల్లవాడి ఖాతాలో వేస్తారు. మనవాళ్లు ఆ మాట విని, మనకు రావలసిందేదో తిరిగి వచ్చిందనుకుంటారు. కాదండీ. అది చదవబోయే చదువుకు ఇచ్చిన అడ్వాన్సు. మేస్త్రీ ఒకడు గోడ కట్టడానికి అడ్వాన్సు పుచ్చుకొని, సగం కూడా లేపకుండా ఊరికి పోయాడనుకోండి. కట్టినంతకు కూలి లెక్కగట్టి మిగతాది అడుగుతామా, లేదా? ఇక్కడి ప్రభుత్వం చేసేదీ అదే. ఇటుకల బదులు రోజులు లెక్కపెడుతుంది.

మొదట ఎవరికి ఈ సొమ్ము వస్తుందో ఒక్క మాట. స్వదేశం నుంచి ఎఫ్-1 వీసా మీద చదువుకోవడానికి వచ్చిన పిల్లలకు ఇది రాదు. పౌరులకూ, గ్రీన్ కార్డు వున్నవాళ్లకూ, శరణార్థుల వంటి మరికొందరికీ వస్తుంది. 1965లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేసిన ఉన్నత విద్యా చట్టంలోని నాలుగో భాగం కింద ఇచ్చే సొమ్ము గనుక ఆఫీసుల్లో దీన్ని "టైటిల్ ఫోర్" సొమ్ము అంటారు. అందులో ముఖ్యమైనది పెల్ గ్రాంట్. 1972లో మొదలై, 1980 నుంచి సెనేటర్ క్లేబర్న్ పెల్ పేరుతో నడుస్తోంది. 2025-26 సంవత్సరానికి దాని గరిష్ఠ మొత్తం 7,395 డాలర్లు. పెల్ గ్రాంట్ అప్పు కాదు, చదువు సాగితే తిరిగి కట్టనక్కరలేదు. డైరెక్ట్ లోన్ మాత్రం అప్పే, వడ్డీతో సహా. రెండింటికీ ఫాఫ్సా అనే ఒకటే దరఖాస్తు. ఇప్పుడు నేను చెప్పబోయే రోజుల లెక్క 1998 చట్ట సవరణతో వచ్చి, 2000 సంవత్సరం అక్టోబర్ నుంచి దేశమంతటా కాలేజీలన్నిటికీ తప్పనిసరి అయింది.

ఇక మా ఆపా కొడుకు సంగతి.

2014లో వాడు కమ్యూనిటీ కాలేజీలో చేరాడు. నేను పనిచేసే కాలేజీ కాదు, వేరే ఊళ్లోది. వడ్డీ సొమ్ము ఇంట్లోకి రాకూడదని మా బావగారి పట్టుదల. అంచేత లోను మాట ఎత్తలేదు, పెల్ గ్రాంట్ ఒక్కటే. ఆ సెమిస్టర్‌కు 2,800 డాలర్లు వచ్చింది. కాలేజీ ఫీజులన్నీ కలిపి 1,800. మిగిలిన 1,000 వాడి ఖాతాలో పడింది. కారు టైర్లకు కొంత, పుస్తకాలకు కొంత, ఇంటి అద్దెకు కొంత అయిపోయింది. తప్పు ఖర్చేమీ కాదు.

సెమిస్టర్ ఆగస్టు 25న మొదలైంది. అక్టోబర్ మొదటి వారంలో మా బావగారికి గుండెపోటు వచ్చి ఆపరేషన్ అయింది. దుకాణం చూసేవాళ్లు లేరు. పిల్లవాడు అక్టోబర్ 5, ఆదివారం రాత్రి ఇంటి దగ్గర కూర్చొని ఆన్‌లైన్‌లో ఒక క్విజ్ రాసి, మర్నాటి నుంచి కాలేజీకి వెళ్లడం మానేశాడు. ఎవరికీ చెప్పలేదు. కాలేజీకి చెప్పలేదు, నాకూ చెప్పలేదు. నేను వారం వారం ఫోన్ చేసి బావగారి ఆరోగ్యం అడిగేవాణ్ణి గాని, "అబ్బాయి క్లాసులకు వెళుతున్నాడా?" అని ఒక్కసారి కూడా అడగలేదు. రోజూ ముప్పైమంది పిల్లలకు ఇదే లెక్క చెప్పి పంపేవాణ్ణి నేను. దీపం కింద చీకటి అంటారే, అది నేనే.

జనవరిలో కాలేజీ నుంచి 1,080 డాలర్లు కట్టమని ఉత్తరం వచ్చింది. ఆపా చదివించుకొని హడలిపోయింది. ప్రభుత్వం సొమ్ము తినేశామని పోలీసులు వస్తారేమో, గ్రీన్ కార్డు పోతుందేమో అని రాత్రిళ్లు నిద్రలేదు. మగవాళ్లకు తెలిస్తే ఇంకా గొడవ అని ఉత్తరాలు దుకాణం గల్లాపెట్టె కింద పెట్టేసింది. మూడు ఉత్తరాలయ్యాక కాలేజీ ఆ బాకీని వసూలు ఏజెన్సీకి అప్పగించింది. వాళ్ల ఖర్చులు కలిపి 1,350 అయింది. మరుసటి ఏడాది పిల్లవాడు మళ్లీ చేరదామని వెళితే, బాకీ వున్నవాళ్లకు రిజిస్ట్రేషన్ లేదన్నారు. 2017లో, ఒక నికాహ్ ఇంట్లో, భోజనాల దగ్గర, "మామూ, ఒక కాయితం చూస్తారా?" అని అడిగేదాకా నాకు సంగతి తెలియదు.

ఆ 1,080 ఎలా వచ్చిందో చూద్దాం. పెన్సిలు వున్నవాళ్లు వేసుకోండి.

ఆగస్టు 25 నుంచి డిసెంబర్ 12 దాకా 110 రోజులు. ఆదివారాలూ లెక్కలోవే, సెలవు రోజులని తీసెయ్యరు. అయితే వరసగా అయిదు రోజులు గాని అంతకంటే ఎక్కువ గాని కాలేజీ సెలవిస్తే ఆ రోజులు తీసేస్తారు. థాంక్స్‌గివింగ్‌కు బుధవారం నుంచి ఆదివారం దాకా అయిదు రోజులు సెలవు. అవి పోను 105. అక్టోబర్ 5కు గడిచినవి 42 రోజులు. 105లో 42 అంటే సరిగ్గా నలభై శాతం. అంటే వాడు "సంపాదించుకున్నది" 2,800లో నలభై శాతం, 1,120 డాలర్లు. సంపాదించనిది 1,680. ఇదే ఓవర్‌పేమెంట్ లెక్కకు మొదటి మెట్టు.

ఈ 1,680 అంతా పిల్లవాడే కట్టాలని కాదు. ఇక్కడే మనవాళ్లందరూ పొరబడతారు. ఆ సొమ్ము ఇద్దరి చేతుల్లోకి వెళ్లింది గదా. ఫీజుగా కాలేజీ చేతిలోకి కొంత, రీఫండ్‌గా పిల్లవాడి చేతిలోకి కొంత. అంచేత తిరిగి ఇవ్వవలసిన బాధ్యతను కూడా ఇద్దరి మధ్య పంచుతారు. కాలేజీ వాటా ఎంతంటే, దాని ఫీజులో సంపాదించని శాతం. 1,800లో అరవై శాతం, 1,080. దాన్ని కాలేజీ నలభై అయిదు రోజుల్లోగా ప్రభుత్వానికి పంపేయాలి. మిగిలింది 600. అది పిల్లవాడి వాటా. అయితే గ్రాంటు విషయంలో చట్టం ఒక రక్షణ ఇచ్చింది. మొత్తం గ్రాంటులో సగం దాకా పిల్లవాడి నుంచి తిరిగి అడగరు. 2,800లో సగం 1,400. వాడి వాటా 600 దానికంటే తక్కువ. కాబట్టి ప్రభుత్వానికి వాడు కట్టవలసింది సున్నా.

మళ్లీ చెబుతాను. సున్నా. మా ఆపా మూడేళ్లు భయపడిన ప్రభుత్వానికి ఒక్క సెంటు బాకీ లేదు.

మరి ఆ 1,080 ఏమిటి? కాలేజీ ప్రభుత్వానికి పంపిన తన వాటా అది. ఆ కాలేజీ సొంత నియమం ప్రకారం నాలుగో వారం దాటాక మానేస్తే ఫీజు వాపసు లేదు. అంటే ఫీజు పూర్తిగా 1,800 కట్టవలసిందే. గ్రాంటులో నుంచి ఫీజుకు నిలిచింది 720. తక్కువ పడ్డ 1,080ని పిల్లవాడి పేరున రాసుకున్నారు. ఇది కాలేజీ బాకీ, ప్రభుత్వం బాకీ కాదు. కాలేజీ బాకీ అయితే కాలేజీ క్యాషియర్ ఆఫీసుతో మాట్లాడాలి, వాయిదాలు అడగాలి. వాషింగ్టన్‌కు రాసి లాభం లేదు. ఉత్తరం రాగానే మొదట చూడవలసింది మొత్తం కాదు, అడుగుతున్నది ఎవరు అన్నది.

ప్రభుత్వం బాకీ వచ్చే సందర్భం వేరు. ఫీజు తక్కువ, చేతికొచ్చిన రీఫండ్ ఎక్కువ వున్నచోట వస్తుంది. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలు చూడండి. అక్కడ 2012 వేసవి నుంచి యూనిట్‌కు 46 డాలర్లు. పన్నెండు యూనిట్లకు 552. సెమిస్టర్‌కు పెల్ గ్రాంట్ 3,600 వచ్చిందనుకుందాం. పిల్లది అవే 105 రోజుల్లో 21వ రోజున మానేసింది. ఇరవై శాతం. సంపాదించుకున్నది 720, సంపాదించనిది 2,880. కాలేజీ వాటా 552లో ఎనభై శాతం, అంటే 441 డాలర్ల 60 సెంట్లు. పిల్ల వాటా 2,438.40. గ్రాంటులో సగం 1,800 రక్షణ పోను, తిరిగి కట్టవలసింది 638 డాలర్ల 40 సెంట్లు. ఇది అసలైన గ్రాంటు ఓవర్‌పేమెంట్. యాభై డాలర్లు, అంతకంటే తక్కువ తేలితే అడగరు.

దీనికి గడువు నలభై అయిదు రోజులు, కాలేజీ తెలియజేసిన నాటి నుంచి. ఆ గడువులోగా మూడింటిలో ఒకటి చేయాలి. పూర్తిగా కట్టేయడం, లేకపోతే వాయిదాలకు కాలేజీతో ఒప్పందం, అదీ కాకపోతే ఫెడరల్ విద్యాశాఖతో ఒప్పందం. ఆ నలభై అయిదు రోజులూ పిల్లకు సహాయం పొందే అర్హత పోదు. ఏదీ చేయకుండా ఊరుకుంటే మాత్రం దేశంలో ఏ కాలేజీకి వెళ్లినా ఫెడరల్ సాయం ఆగిపోతుంది. ఊరు మారినా, కాలేజీ మారినా కంప్యూటర్లో ఆ గుర్తు అలాగే వుంటుంది. తర్వాత విద్యాశాఖ వసూలు విభాగంతో వాయిదాల ఒప్పందం కుదుర్చుకుంటే అర్హత మళ్లీ వస్తుంది. కాబట్టి ఆలస్యమైనవాళ్లు కూడా ఆశ వదులుకోనక్కరలేదు.

(ఇక్కడ సభలో ఒక సోదరుడు లేచి, "లోను తీసుకున్నవాళ్ల సంగతేమిటి?" అని అడిగారు.)

అడిగినందుకు సంతోషం భాయీ. కాలేజీ తన వాటా పంపేటప్పుడు మొదట లోను తీరుస్తుంది. లోన్లలోనూ చదువుతుండగానే వడ్డీ పెరిగే రకం ముందు, ఆ తర్వాత రెండో రకం, ఆ తర్వాత తల్లిదండ్రులు తీసుకున్న లోను. అవన్నీ అయ్యాకే పెల్ గ్రాంట్. పిల్లవాడి దగ్గర మిగిలిన లోను సొమ్మును వెంటనే కట్టమనరు. ప్రామిసరీ నోటులో రాసుకున్న ప్రకారం కట్టుకోవాలి. మానేసిన నాటి నుంచి సాధారణంగా ఆరు నెలల వ్యవధి వుంటుంది. చదువుతుండగానే వడ్డీ పెరిగే రకం లోనుకు ఆ వ్యవధిలో కూడా వడ్డీ నడుస్తుందని మరిచిపోవద్దు.

మనలో చాలా ఇళ్లలో లోను తీసుకోరు. మంచిదే. అది వాళ్ల నియమం, నేను మాట్లాడను. అయితే లోను లేని పిల్లవాడి విషయంలో కాలేజీ పంపేదంతా గ్రాంటులో నుంచే పోతుంది, ఆ లోటంతా వెంటనే కట్టవలసిన బిల్లుగా తిరిగి వస్తుంది. ఇది ఎరిగి వుండాలి. వడ్డీ వద్దని అంత పట్టుబట్టిన మా బావగారి ఇంటికి వసూలు ఖర్చుల పేరుతో 270 డాలర్లు అదనంగా పడ్డాయి. ఆయనకు ఈ మాట నేను ఇంతవరకూ చెప్పలేదు. ఈ సంచికలో చదివితే తెలుస్తుంది.

ఇప్పుడు తేదీల దగ్గరకు వద్దాం. అసలు కీలకం అక్కడ వుంది.

అరవై శాతం దాటాక మానేస్తే పిల్లవాడు మొత్తం సొమ్ము సంపాదించుకున్నట్టే. తిరిగి పంపవలసింది ఏమీ వుండదు. 105 రోజుల్లో అరవై శాతం 63వ రోజు, అంటే అక్టోబర్ 26. దాటాలి గనుక 27, సోమవారం. మా వాడు ఆగింది అక్టోబర్ 5న. ఇంకొక్క ఇరవై రెండు రోజులు ఏదో ఒక విధంగా లాక్కొచ్చి వుంటే 1,080 వుండేది కాదు, 1,350 వుండేది కాదు, మూడేళ్లు పోయేవి కావు. తండ్రి ఆసుపత్రిలో వుంటే ఎలా లాక్కొస్తాడంటారా? నాలుగు క్లాసులూ లాక్కురానక్కరలేదు. ఈ మాట తల్లులు ముఖ్యంగా వినాలి. నాలుగు క్లాసుల్లో మూడు వదిలేసి ఒక్కటి చివరిదాకా నిలబెట్టుకున్నా, ఈ లెక్క దృష్టిలో పిల్లవాడు కాలేజీ మానినట్టు కాదు. మామూలు పద్ధతిలో నడిచే సెమిస్టర్‌లో, క్లాసులన్నీ మొదలుపెట్టి, కాలేజీ గ్రాంటు ఖరారు చేసే తేదీ దాటిన తర్వాత కొన్ని వదిలేస్తే, సాధారణంగా ఈ రోజుల లెక్క జోలికే పోరు. మా వాడు రాసిన ఆ ఆన్‌లైన్ క్లాసు ఒక్కటి, రాత్రి పది గంటలకు దుకాణం మూసి వచ్చాక చేసుకున్నా సరిపోయేది. అయితే వదిలేసిన క్లాసులు మార్కుల పట్టీలో కనబడతాయి. తర్వాతి సెమిస్టర్లలో చదువు ముందుకు సాగుతోందా అని కాలేజీ చూసేటప్పుడు అవీ లెక్కకు వస్తాయి. అది చిన్న చిక్కు. అయినా 1,080 డాలర్ల కంటే నయం.

మానక తప్పకపోతే చెప్పి మానాలి. చెప్పినవాడికి, చెప్పిన రోజే మానిన రోజు. చెప్పకుండా మానినవాడి విషయంలో, హాజరు పట్టీ తప్పనిసరి కాని కాలేజీలు సెమిస్టర్ సగం రోజును తీసుకుంటాయి. లేదా చివరిసారి పరీక్ష రాసిన రోజో, హోంవర్కు ఇచ్చిన రోజో కాయితాల్లో దొరికితే దాన్ని తీసుకోవచ్చు. మా వాడి విషయంలో ఆ క్విజ్ తేదీ తీసుకున్నారు. సగం రోజు తీసుకొని వుంటే బిల్లు 900 అయ్యేది. ఏది తీసుకోవాలన్నది కాలేజీ ఇష్టం. కేవలం కంప్యూటర్లో లాగిన్ అయినంత మాత్రాన హాజరు కిందకు రాదని కూడా గుర్తుంచుకోండి.

"చెప్పకుండా మానేస్తే సగం దాకా లెక్క కడతారన్నమాట, అలాగైతే చెప్పకపోవడమే లాభం గదా" అని కుర్రవాళ్లు అనుకోవచ్చు. మా ఆఫీసుకు వచ్చి అలా అన్నవాళ్లూ వున్నారు. చెప్పకుండా మానేస్తే అన్ని సబ్జెక్టుల్లో ఎఫ్ గ్రేడు పడుతుంది. అన్నీ ఎఫ్‌లు కనబడగానే ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసు లోతుగా చూస్తుంది, పిల్లవాడు రాసి తప్పాడా, రాకుండా తప్పాడా అని. అప్పుడు చివరి హాజరు తేదీని టీచర్ల దగ్గర రాబట్టి లెక్క వేస్తారు. మార్కులూ పోతాయి, సొమ్మూ పోతుంది. చెప్పి వెళ్లినవాడి పట్టీలో కనీసం ఎఫ్‌లు వుండవు. పైగా చెప్పడానికి వెళ్లినప్పుడే, ఎదుట కూర్చున్న నాలాంటి గుమాస్తా క్యాలెండర్ తీసి, "బాబూ, ఇంకో మూడు వారాలు ఆగగలవా?" అని అడిగే అవకాశం వుంటుంది. ఇంట్లో ఆపరేషన్లు, ప్రసవాలు, చావులు వచ్చిన పిల్లలకు టీచర్లు గడువులు పొడిగించడం నేను కళ్లారా చూశాను. అడగనివాళ్లకు ఎవరూ పొడిగించరు.

ఇంకొక రకం వుంది, దానికి ఈ రక్షణలేవీ లేవు. రిజిస్టర్ చేసుకొని, సొమ్ము తీసుకొని, అసలు ఒక్క క్లాసుకూ వెళ్లకపోతే మొత్తం తిరిగి పోవలసిందే. సగం మాఫీ అక్కడ వర్తించదు. నాలుగు క్లాసుల్లో రెండే మొదలుపెడితే, ఆ రెండింటికి తగ్గట్టు గ్రాంటు తగ్గించి వేస్తారు. సెమిస్టర్ మొదటి వారంలో పెళ్లిళ్లకని ఇండియా వెళ్లే కుటుంబాలు మనలో వున్నాయి గనుక చెబుతున్నాను. టిక్కెట్లు చవకగా దొరికాయని పిల్లవాణ్ణి మొదటి రెండు వారాలు ఆపేస్తే, ఆ టిక్కెట్టు చాలా ఖరీదవుతుంది.

(ఒక తల్లి, "భాయ్‌సాబ్, కట్టలేకపోతే కేసు పెడతారా?" అని అడిగారు.)

లేదమ్మా. ఓవర్‌పేమెంట్ అప్పు, నేరం కాదు. నిజం చెప్పి తీసుకున్న సొమ్ములో పరిస్థితులు మారి కొంత మిగిలిపోయింది, అంతే. ఫాఫ్సాలో అబద్ధం రాసి తీసుకుంటే అది వేరే సంగతి, దానికి 20,000 డాలర్ల దాకా జరిమానా, జైలు కూడా వున్నాయి. ఆదాయం తక్కువ చూపించి రాసిపెడతామని డబ్బు పుచ్చుకొనే ఏజెంట్లు అక్కడక్కడా వుంటారు, వాళ్ల గుమ్మం ఎక్కకండి. దరఖాస్తుకు పైసా ఖర్చు లేదు. ఇంకొకటి. బాకీ వుందని ఫోను చేసి వెంటనే గిఫ్టు కార్డులతో కట్టమనేవాళ్లు దొంగలు. పిల్లవాడు స్టూడెంట్‌ఎయిడ్ డాట్ గవ్‌లో తన ఖాతా తెరిచి చూసుకోవచ్చు. కాలేజీకి కాలేజీ నంబరు మీదే ఫోను చేసి అడగవచ్చు.

అన్నిసార్లూ మనమే బాకీ పడం కూడా. సొమ్ము ఇంకా ఖాతాలో పడకముందే పిల్లవాడు మానేశాడనుకోండి, చదివిన రోజులకు సంపాదించుకున్నది కాలేజీయే ఇవ్వవలసి వుంటుంది. లోను అయితే మన అంగీకారం అడుగుతారు, గ్రాంటు అయితే ఇస్తారు. మా ఆఫీసులో ఇలాంటి చెక్కులు చిరునామా మారిన కారణంగా తిరిగి వచ్చేవి. రాష్ట్ర ప్రభుత్వాల గ్రాంట్లకు వేరే నియమాలున్నాయి, అవి రాష్ట్రానికో తీరు, వాటి జోలికి ఇప్పుడు పోను.

మన సంఘం ఇచ్చే స్కాలర్‌షిప్ గురించి కూడా ఒక మాట అనవలసి వుంది. కోశాధికారిగారు ఏమీ అనుకోకూడదు. మనం పిల్లవాడి చేతికి చెక్కు ఇచ్చి ఫొటో తీసుకొని పంపేస్తున్నాం. ఆ సంగతి పిల్లవాడు కాలేజీకి తెలియజేయాలి. బయట నుంచి వచ్చిన స్కాలర్‌షిప్పులతో కలిపి మొత్తం సాయం, కాలేజీ లెక్కగట్టిన చదువు ఖర్చును మించితే, అదీ ఒక రకం అధిక చెల్లింపే. అప్పుడు లోను వంటివి తగ్గిస్తారు, ఇచ్చేసినవైతే సర్దుబాటు చేస్తారు. పెల్ గ్రాంట్‌ను మాత్రం మన స్కాలర్‌షిప్ కారణంగా సాధారణంగా తగ్గించరు. అంచేత ఇకమీదట చెక్కుతోపాటు కాలేజీ పేరున ఒక ఉత్తరం కూడా సెమిస్టర్ మొదలు కాకముందే ఇస్తే బాగుంటుంది. సెమిస్టర్ మధ్యలో తెలిస్తే పిల్లవాడి నెత్తిన పడుతుంది.

మా వాడి కథ ఎక్కడ ఆగిందో చెప్పి ముగిస్తాను. 2017లో ఆ కాయితాలు చూశాక నేను ఆ కాలేజీకి వెళ్లాను. బిల్లు తగ్గించమని అడిగాను, తగ్గించలేదు. లెక్క సరిగానే వుంది, నేనే రెండుసార్లు వేసి చూశాను. ఏజెన్సీవాళ్లు నెలకు 150 చొప్పున తొమ్మిది వాయిదాలకు ఒప్పుకున్నారు. మొదటి మూడు వాయిదాలు నేను కట్టాను, మిగతావి వాడు కట్టాడు. ఆఖరి వాయిదా కట్టిన వారంలో రిజిస్ట్రేషన్ తెరిచారు. వాడితో కలిసి చదువు మొదలుపెట్టినవాళ్లు అప్పటికి ఉద్యోగాల్లో వున్నారు. వాడు మొదటి సంవత్సరం పిల్లల పక్కన కూర్చున్నాడు. ఇప్పుడు ఎక్స్‌రే టెక్నీషియన్. ఇవాళ ఇక్కడే వున్నాడు, వెనక వరసలో. వాడి అనుమతితోనే ఇదంతా చెప్పాను.

మన విద్యా నిధిలో నుంచి ఇలాంటి బాకీలకు ఖర్జె హసనాగా కొంత సొమ్ము వేరు పెట్టాలని కార్యవర్గానికి లిఖితపూర్వకంగా ఒక ప్రతిపాదన ఇచ్చాను. వసూలు ఏజెన్సీకి వెళ్లకముందే తీర్చగలిగితే చిన్న మొత్తాలతోనే పని జరుగుతుంది. పిల్లవాడు ఉద్యోగంలో చేరాక వడ్డీ లేకుండా తిరిగి కడతాడు. దాని మీద సాయంత్రం సర్వసభ్య సమావేశంలో చర్చ వుంది, దయచేసి వుండండి.

ఇళ్లలో గల్లాపెట్టె కింద, ఖురాన్ షరీఫ్ వుండే అలమర పై అరలో, కారు డాష్‌బోర్డులో దాచిపెట్టిన ఉత్తరాలు వున్నవాళ్లు వుంటారు. ఫోనులో ఫొటో వున్నా చాలు. భోజనాలయ్యాక అసర్ నమాజు దాకా పక్క గదిలో కూర్చుంటాను. తలుపు వేసే వుంటుంది, ఒక్కొక్క కుటుంబమే రావచ్చు. క్యాలెండర్, కాలిక్యులేటర్ తెచ్చుకున్నాను.